ఎండలో లాగిన షీటు

ఇంకా జానెడుంది. నీళ్లకూ ఆ బూడిదమచ్చకూ మధ్య నా చేతి జానెడు. గట్టు మీద గొంతుక్కూర్చుని కొలుస్తున్నాను. తెల్లవారింది గాని పొద్దు పొడవలేదు, తూర్పున గుట్ట వీపు మాత్రం కాస్త ఎర్రబడింది. చలి. ఈ నేల గురించి మాట్లాడేవాళ్లంతా ఎండ గురించే మాట్లాడతారు, జనవరిలో పొద్దు పొడిచే ముందు గంటసేపు పట్టే ఈ చలి గురించి ఎవరూ చెప్పరు. మడమల పగుళ్లలో ఉప్పు రుద్దినట్టు ఉంటుంది. మోటారు నిన్న మధ్యాహ్నం నుంచి ఆడుతోంది. కాలువలోంచి ఐదంగుళాల పైపు గట్టెక్కి, కుంటలోకి వంగి, ఆగకుండా కక్కుతోంది. కుంట నలుచదరం, ఒక్కో పక్క ఇరవై ఐదు అంగలు. లోపలంతా నల్ల ప్లాస్టిక్ షీటు. ఎగువ పక్క నేలకు సమంగా ఉంటుంది, దిగువ పక్క ఏటవాలు కాబట్టి మట్టి పోసి రెండు నిలువుల ఎత్తు గట్టు కట్టారు. ఆ గట్టు కింద వీరేష్ గుడిసె. గుడిసె దాటితే ఈ కుంట సొంతదారు కేశవ చీనీతోట, నాలుగు వందల బత్తాయి చెట్లు, కాపుకు వచ్చినవి. గుడిసె ఖాళీ. తోటకు కాపలా ఉండే వీరేష్, పెళ్లాం సువార్తనూ చంటిపిల్లనూ తీసుకుని క్రిస్మస్‌కు గుంతకల్లు పోయి అత్తగారింట్లోనే ఉన్నాడు, ఆదివారం దాకా రాడు. మొన్న టీ అంగడి దగ్గర కేశవే చెప్పాడు, నాకు కాదు, పక్కవాడికి. అందుకే ఈ రోజు వచ్చాను. చూడడానికి వచ్చాను. నీళ్లు మచ్చను అందుకుంటే షీటు తెగుతుంది, షీటు తెగితే వట్టి మట్టిగట్టు నిలవదు, గట్టు పోతే చీనీచెట్లు పోతాయి. మనిషికి ఏమీ కాదు. ఆ మాట దారి పొడుగునా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

చేయి చాచి వేలితో కొట్టాను. డబ్‌మంది. ఇంకో చోట కొడితే ఆ మోత రాదు, మట్టిని ఆనుకున్న చోట షీటు మూగగా ఉంటుంది. గుడిసెకు పైనున్న ఈ మూలలో వెనక మట్టి లేదు. వానలకు గట్టు కుంగి గంపెడు బోలు పడింది. వదులుగా పరిచిన షీటైతే ఆ బోలులోకి జారి మట్టి మీద పడుకునేది. ఇది పడుకోదు, డప్పు మీద తోలు మాదిరి ఈ అంచు నుంచి ఆ అంచుకు బిగుసుకుని నిలబడింది, సరిగ్గా రెండు షీట్ల అతుకు దగ్గర. పగటి ఎండకు కాస్త సాగుతుంది, తెల్లవారే వేళకు ముడుచుకుంటుంది. డిసెంబరు నుంచి రోజు విడిచి రోజు వచ్చి చూస్తున్నాను. మొదట అతుకు పక్కన నలుపు కాస్త చెదిరింది, తరువాత బూడిద రంగుకు తిరిగింది, ఇప్పుడు అరచేయంత ఉంది. నలుపు పాలిపోయిందంటే ఆ చోట షీటు అలిసిపోయిందని లెక్క. కంపెనీ సారు చెప్పిన మాట అది. ఏడేళ్ల కిందట కళ్యాణదుర్గంలో ఒక షెడ్డులో మమ్మల్ని, షీట్లు పరిచే కూలీలను, వరసగా కూర్చోబెట్టి చెప్పాడు. ఫ్యాక్టరీలో ఇది వేడిగా ఉండగానే లాగుతాం, సర్దుకునేలోపే చల్లార్చేస్తాం, ఆ లాగుడు లోపలే ఉండిపోతుంది, చూస్తే కదలకుండా పడుకుని ఉంటుంది, నమ్మొద్దు అన్నాడు. రూపాయి బిళ్లంత గుండ్రంగా ఒక ముక్క కత్తిరించి కాలిన పెనం మీద వేశాడు. అందరం వంగి చూశాం. గుండ్రం కాస్తా మెల్లగా కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. ఏ పక్కకు లాగారో ఆ పక్క ముడుచుకుంది. ఎవరూ ముట్టుకోలేదు, దానంతట అదే. నేను అయిదో తరగతి చదివిన వాణ్ణి, నాకు అర్థమైంది. నాకంటే ఎక్కువ చదివిన వాళ్లు పక్కన కూర్చుని ఆవులించారు.

ఆ సాయంత్రమే ఇంట్లో చేసి చూశాను, బయమ్మ రొట్టెల పెనం మీద. బయమ్మ నా భార్య. చేటతో వీపు మీద ఒకటి వేసింది. "నీకు నా పెనమే దొరికినాదా? రొట్టెలన్నీ టైరు వాసన. పో, కంపెనీకే పోయి తిను" అంది. అరిచిన తరువాత తనే వంగి చూసింది, ముక్కు మూసుకుని. కోడిగుడ్డు ముక్కను వేళ్ల మధ్య తిప్పింది. "యా పక్క లాగినారో దీనికెట్ల జ్ఞాపకముండాది?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "మనిషి మేలు, మర్చిపోతాడు" అంది. నేను మర్చిపోను. అది ఆమెకూ తెలుసు. ఆమె అన్నను పదకొండేళ్లు గడప తొక్కనివ్వలేదు నేను, ఒక పెళ్లిలో వడ్డన దగ్గర అతనన్న ఒక్క మాటకు. ఆమె పోయిన నాడు వచ్చాడు, వచ్చి నా భుజం మీద చేయి వేశాడు. ఆ చేయి తీసేశాను.

జానెడు కాదు ఇప్పుడు. ఎనిమిది వేళ్లు.

గట్టు మీద కేశవ ఫ్లెక్సీ ఉంది, రెండు వెదురు బొంగుల మధ్య. కేశవ చేతులు జోడించి నవ్వుతుంటాడు, వెనక ఇదే కుంట, అద్దం మాదిరి. ఏప్రిల్‌లో తీసిన ఫోటో. తొమ్మిది నెలల ఎండకు ఫ్లెక్సీ ఎండి చిట్లి నాలుగు మూలలా చిల్లులు సాగిపోయాయి, గాలి వస్తే కేశవ నోరు తెరుచుకుంటుంది. ఏప్రిల్‌లో ఆ ఫోటో కోసమే ఇదంతా. షీటు పరిచేది తెల్లవారుజామున పరచాలి, ఎనిమిదిలోపు ముగించాలి. ఎండెక్కితే షీటు సాగుతుంది, సాగిన దాన్ని బిగించి అంచులు పూడ్చేస్తే చలికి ముడుచుకునే చోటు ఉండదు. అందుకే ప్రతి పక్కా మూరెడు వదులు వదలాలి, మూలల్లో మడతలు పెట్టాలి. చూడడానికి బాగుండదు, ముసలావు మెడ మాదిరి ముడతలు ముడతలుగా ఉంటుంది. నీళ్లు నిండితే ఆ ముడతలే కాపాడతాయి. ఆ రోజు కేశవ పదకొండుకు వచ్చాడు. మేము పరిచింది చూశాడు. "ఏమప్పా, ఇట్లుండాదేమి? మా జేజమ్మ మొగం మాదిరి ఉండాది. తీసెయ్. మళ్లా లాగు. నేను గట్టు మీద నిలబడితే నా నీడ కనపడాల" అన్నాడు. "ఎండలో లాగితే చలికి బిగుస్తాదన్నా. వదులు పెట్టాల" అన్నాను. "నువ్వు లాగప్పా. బిగుస్తే నేను చూసుకుంటా" అన్నాడు. కూలీలు నవ్వారు.

ఒక్కసారే చెప్పాను. రెండోసారి చెప్పలేదు. మామూలుగా అయితే మూడుసార్లు చెప్తాను, పోట్లాడతాను, షీట్లు అతికే మిషను దించేసి పోతాను. ఆ రోజు చెప్పలేదు. ఎనిమిది మందిని నిలబెట్టి మధ్యాహ్నం రెండు గంటలకు లాగించాను. షీటు మీద అడుగు పెడితే చెప్పులు అంటుకుంటున్నాయి. వాళ్లు చాలన్నారు, నేను ఇంకా అన్నాను. ఇంకా. ఇంకా. కేశవ అడిగిన దానికంటే ఎక్కువే లాగించాను. ముడత అనేది లేకుండా పోయింది, ఆకాశం అందులోకి దిగింది, కేశవ నిలబడి తన నీడ చూసుకుని భలే అన్నాడు. అంచులు మట్టిలో పూడ్చి నేనే తొక్కాను, ఒక్కో అడుగూ లెక్కపెట్టి తొక్కాను. ఆ నాలుగేళ్లలో నాకు నిండుగా తోచిన పని అదొక్కటే.

నాలుగేళ్లు. బయమ్మ పోయి నాలుగేళ్లు. ఆమె పడిన కుంటా కేశవదే, దిగువ చేలో ఉండేది, ఇప్పుడు పూడ్చేశాడు. బయమ్మ ఆ చేలో కలుపుకు పోయింది. బిందె ముంచుకుందామని కుంట అంచుకు దిగింది. షీటు మీద పాకుడు పట్టి ఉంటుంది, కాలు పెడితే నూనె పూసిన అద్దం మీద పెట్టినట్టే. ఏటవాలు. పట్టుకోడానికి గడ్డిపోచ ఉండదు, రాయి ఉండదు, వేరు ఉండదు. బావిలో పడినవాడికి గోడ రాళ్లు దొరుకుతాయి. షీటు కుంటలో ఏమీ దొరకదు. మోటారు మోతలో అరుపు వినపడలేదన్నారు. మధ్యాహ్నం సంగటి వేళకు గాని వెదకలేదు. ప్లాస్టిక్ బిందె తేలుతూ ఉంది, ఎర్ర బిందె, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోయి వస్తూ. నేను వెళ్లేసరికి తీసి పడుకోబెట్టారు. నేను ఆమెను తరువాత చూశాను, మొదట షీటునే చూశాను. ఒకే చోట, నీళ్ల అంచుకు మూరెడు పైన, నల్లషీటు మీద తెల్లటి గీతలు. గోళ్ల గీతలు. లెక్కపెట్టలేనన్ని. అంతకు ముందు వారమే మేనకోడలి సీమంతానికి గోళ్లకు ఎర్రరంగు వేయించుకుంది, నలభై తొమ్మిదేళ్ల మనిషి, సిగ్గుపడుతూ. ఆ రంగు పొరలు పొరలుగా లేచి గీతల చివర అంటుకుని ఉంది. కేశవ వచ్చి తల ఊపాడు. "చూసుకోవాల గదప్పా, ఆడమనిషి" అన్నాడు. ఆ మాట నాలోపల పడింది. అప్పటి నుంచి ఉంది.

ఆ గీతల దగ్గర తాడుండాలి. ప్రతి షీటు కుంటకూ నాలుగు మూలలా నాలుగు తాళ్లు, మూరకొక ముడి వేసి నీళ్లలోకి వదలాలి, పడిన వాళ్లు పట్టుకుని ఎక్కడానికి. ఆ కుంటకు తాళ్లు లేవు. కేశవ కుంట, తాళ్లు లేవు. అదే చెప్తాను నేను అందరికీ, నాలుగేళ్లుగా, టీ అంగడి దగ్గరా బస్సులోనూ. కేశవ కుంటకు తాళ్లు లేవు. ఎందుకు లేవంటే — నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూడాలి.

ఆరు వేళ్లు.

నీళ్ల అంచున పల్చటి పొర తేలుతోంది, మోటారు నూనె కాబోలు, నెమలిపింఛం రంగులతో. అలా తేలుతూ ఒక చోట దానంతట అదే చిల్లు పడింది, చిన్నది, ఆవగింజంత. చూస్తుండగానే చిల్లు వెడల్పయింది. అంచులు వెనక్కి జరిగాయి, పొర అంతా బొట్లు బొట్లుగా విడిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. బడిలో బంక అరచేతికి పూసుకుని ఆరిన తరువాత ఒలిచేవాళ్లం, అది ఆరేటప్పుడు చర్మాన్ని పట్టి లాగేది, చేయి ముసలివాడి చేయి అయ్యేది. పాల మీద మీగడ కూడా అంతే, అంచు పట్టుకుని ముడుచుకుంటుంది. బయమ్మది ఒక్క ఫోటో ఉంది ఇంట్లో, రేషన్ కార్డుకు తీసింది, పెద్దది చేయించి ప్లాస్టిక్ పొర వేయించాను, పాడవకుండా ఉంటుందని. రేకుల కింద వేసవి ఎండకు ఆ పొర మూలల్లో చుట్టుకుంది, చుట్టుకుంటూ చుట్టుకుంటూ ఫోటో మీది రంగును పట్టి లేపేసింది. ఇప్పుడు కాగితం మీద ఆమె నుదురు, ఒక కన్ను ఉన్నాయి. మిగిలిన ముఖం పొర లోపలి వైపున అంటుకుని ఉంది, తలకిందులుగా చుట్టుకుని. రెండూ కలిపి దారంతో కట్టి పెట్టాను. ఏదైనా పల్చగా చేసి లాగి పరిస్తే అది ఎప్పుడూ వెనక్కి పోవాలనే చూస్తుంది. పోనివ్వకపోతే ఒక చోట తెంపుకుంటుంది. చిల్లు పడితే ఇక ఆగదు, చుట్టూ ఉన్న లాగుడంతా దాని అంచు పట్టుకుంటుంది. కంపెనీ సారు ఇదీ చెప్పాడు. మరి నేను ఎందుకు తెగలేదు? నాలుగేళ్లుగా ఇంతే బిగుతుగా ఉన్నాను. నిద్ర లేదు. ఆ మంచం మీద నిద్ర పట్టదు. వేరే మంచం లేదు.

నాలుగు వేళ్లు. మచ్చ ఇంకాస్త పాలిపోయింది. పొద్దు పొడిస్తే షీటు వేడెక్కి కాస్త సడలుతుంది, ఈలోపే నీళ్లు రావాలి. రా. నేను నీళ్లను పిలుస్తున్నాను. ఈ ఊళ్లో నీళ్ల కోసం గంగమ్మకు మొక్కిన వాళ్లున్నారు, బోరు పడక వలస పోయిన వాళ్లున్నారు, నేను నీళ్లు ఒక మనిషి తోట మీద పడాలని మొక్కుతున్నాను. పైపు దగ్గర చప్పుడు, మోటారు చప్పుడు, దూరంగా కాలువ గట్టు మీద లారీ. ఏదో వాసన. కట్టెపొయ్యి వాసన. ఊరు ఇక్కడికి మైలు దూరం, గాలి ఊరి వైపు నుంచి లేదు. తల వంచి కిందికి చూశాను. గుడిసె కప్పులోంచి పొగ లేస్తోంది. సన్నగా, నిటారుగా. తరువాత పిల్ల ఏడుపు వినపడింది, ఆకలేసి ఏడ్చే ఏడుపు, ఒక్క క్షణం. ఆపైన సువార్త గొంతు, జోకొడుతూ.

రాత్రి బండికి వచ్చేసినట్టున్నారు. ఆదివారం దాకా రారన్నాడు. కేశవ రారన్నాడు.

వెంటనే లేచానని చెప్పను. లేవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. గుడిసె వెనక గోడ గట్టును దాదాపు ఆనుకుని ఉంది, గాలి తగలదని కేశవే అక్కడ కట్టించాడు వానాకాలంలో. గట్టు పోతే ముందు పోయేది ఆ గోడే. తెలుసు. తెలిసి కూర్చున్నాను. ఏమనుకున్నానో చెప్తాను. తెగకపోవచ్చు అనుకున్నాను. తెగినా వాళ్లు పరిగెత్తుతారు అనుకున్నాను. కేశవ కుంట, కేశవ గట్టు, కేశవ కట్టించిన గుడిసె, నాకేం సంబంధం అనుకున్నాను. ఒకటి ఒకటిగా అనుకుంటూ నీళ్లను చూస్తున్నాను. బయమ్మ అరిచినప్పుడు ఎవరో ఒకరు ఇట్లాగే ఎక్కడో కూర్చుని ఉంటారు, బీడీ కాలుస్తూనో, చద్ది తింటూనో. వాళ్లకు వినపడలేదు. నాకు వినపడింది. పిల్ల మళ్లీ ఏడ్చింది.

రెండు వేళ్లు ఉండగా లేచాను.

గట్టు దిగుతుంటే కాళ్లు తిమ్మిరెక్కి రెండుసార్లు పడ్డాను. గుడిసె పక్కన దిమ్మె మీద స్టార్టరు పెట్టె. ఎర్రబొత్తాం నొక్కాను. మోటారు ఆగింది. ఆ నిశ్శబ్దానికి వీరేష్ దుప్పటి కప్పుకుని బయటికి వచ్చాడు. ఇరవై ఆరేళ్ల వాడు, ఎప్పుడూ నవ్వు ముఖం.

"ఏం మామా, పొద్దుగాలే? కేశవన్న మోటారు మింద నీ కన్ను పడినాదా?"

"పెండ్లాన్నీ పాపనూ తీసుకుని ఆ గుట్ట మిందికి పోరా. గట్టు పోతాండాది."

వీరేష్ గట్టు వైపు చూశాడు. రెండు నిలువుల ఎత్తు, ఎండిన ఎర్రమట్టి, చెక్కు చెదరలేదు. "యాడ పోతాండాది? ఈడే ఉండాది గదా" అని నవ్వాడు. ఇంతలో మోటారు దానంతట అదే గుర్రుమంది. మేము ఇద్దరం పెట్టెను చూశాం. ఎవరూ ముట్టుకోలేదు. అది ఫోనుకు కలిపిన స్టార్టరు, మోటారు ఆగితే కేశవకు కబురు పోతుంది, ఇంట్లో మంచం మీదనుంచే మళ్లీ వేస్తాడు. నేను పెట్టె తెరిచి ఫీజులు పీకేశాను. వీరేష్ నవ్వు పోయింది. నా మణికట్టు పట్టుకున్నాడు. "ఓ మామా, నా బువ్వ కొడతావా? ఇయ్యి ఈడ. ఆయప్ప మింద నీ కోపం నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. దానికి మేమేం చేసినాము?" అన్నాడు. అతని జేబులో ఫోను మోగడం మొదలైంది.

సువార్త పిల్లను చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది. నూనె లేని జుట్టు, ప్రయాణం చీర ఇంకా మార్చలేదు. "ఏమైనాది మామా?" అంది. వీరేష్ అందుకున్నాడు, "ఏముండాది, నాలుగేండ్ల నుంచి పాడే పాటే. కేశవన్న కుంటకు తాళ్లు లేవు, కేశవన్న గట్టు పోతాది."

"తాళ్లు ఇచ్చినాడు" అన్నాను.

ఎవరికి చెప్తున్నానో తెలియలేదు. వీరేష్ మణికట్టు వదిలాడు.

"ఆ కుంటకు కేశవ తాళ్లు ఇచ్చినాడు. కొత్త నైలాన్ తాడు, ఒక చుట్ట. షీటు పరిచింది నేనే. తాళ్లు కట్టాల్సింది నేనే. రేపు కడదాములే అనుకుని ఇంటికి ఎత్తుకపోయినా. ఇంట్లో మంచం నులక తెగి ఉన్నింది. ఆ తాడుతోనే అల్లుకున్నా. బయమ్మే ఒక పక్క పట్టుకుని లాగింది, గట్టిగా ఉండాది, మనం పోయేదాకా ఉంటాదని. మూడు వారాలకు ఆ కుంటలోనే పడినాది. తెచ్చి ఆ మంచం మిందనే పండుకోబెట్టినారు. ఈ షీటు కూడా నేనే పరిచినా సువార్తా. పోతాదని తెలిసే లాగినా."

సువార్త నన్ను చూసింది. ఒక చేత్తో పిల్లను అదుముకుని, ఇంకో చేత్తో గుమ్మం పక్కన ఆరేసిన పిల్లగుడ్డలు లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా గుట్ట వైపు నడిచింది. వీరేష్ వెనక నుంచి పిలిచాడు. ఆమె తిరిగి చూడలేదు. "నువ్వూ రా" అని మాత్రం కేక వేసింది.

వీరేష్ రాలేదు. ఫోను మోగి ఆగి మళ్లీ మోగుతోంది. "నీళ్లు ఆగినాయి గదా మామా, ఇంగ పోయేదేముండాది" అంటూ గుడిసె వెనక్కి వెళ్లాడు, గట్టు చూసి వస్తానని. నేనూ వెళ్లాను. గోడకూ గట్టుకూ మధ్య మనిషి పట్టేంత సందు. అక్కడ చీకటి ఇంకా పోలేదు. వీరేష్ గట్టు మీద చేయి వేసి తీశాడు. మళ్లీ వేశాడు.

"వెచ్చగా ఉండాది మామా" అన్నాడు.

నా మోకాలి ఎత్తున, ఎర్రమట్టి మీద చెయ్యంత తడి. కుంటలోని నీళ్లు, చలికి చల్లబడిన మట్టి కంటే వెచ్చగా. అప్పుడు తెలిసింది. నేను పైన మచ్చను చూస్తూ వేళ్లు కొలుస్తూ కూర్చున్నాను. చిల్లు కింద పడింది, అదే అతుకు మీద, నీళ్ల అడుగున, నాకు కనపడని చోట. రాత్రే పడి ఉంటుంది. మోటారు ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే. తడి అంచు దగ్గర నా చిటికెనవేలు ఆనించాను, పొడిమట్టి మీద. ఊపిరి తీసి వదిలేలోపు వేలి కింద మట్టి నల్లబడింది. ఈ నేల మీద పుట్టిన వాళ్లం, తడిసిన మట్టి వాసన వస్తే పని వదిలి బయటికి వచ్చి నిలబడేవాళ్లం. వీరేష్ ఆ వాసన పీల్చి వెనక్కి అడుగు వేశాడు. పైన, గట్టు అవతల, కొత్త బట్టను అంగడివాడు చింపినట్టు చప్పుడైంది. పొడుగ్గా, తీరిగ్గా, పై నుంచి కిందికి. వీరేష్ చొక్కా పట్టి లాగాను. పరిగెత్తాం.

గుట్ట మీద గుండురాయి దగ్గర సువార్త నిలబడి ఉంది. మేము చేరేసరికి గట్టు ఆ మూలన బండి పట్టేంత నోరు తెరుచుకుంది. గుడిసె వెనక గోడ ముందుకు వంగి, కూర్చున్నట్టు కూర్చుంది. పొయ్యి మీద ఉన్న గిన్నె నీళ్ల మీద తేలుతూ చీనీచెట్ల వరసల్లోకి పోయింది, దాని వెనకే ఫ్లెక్సీ, కేశవ ముఖం పైకి పెట్టి. నల్లషీటు చిరిగిన చోట నుంచి రెండు వైపులా ముడుచుకుని, వెనక్కి, వెనక్కి పోయింది, తొమ్మిది నెలలుగా పోవాలనుకున్న చోటికి. వీరేష్ కింద కూలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఫోను ఇంకా మోగుతోంది. పొద్దు పొడిచింది.

సువార్త నీళ్లను చూడడం లేదు. నన్ను చూస్తోంది.

"ఎప్పుడొచ్చినావు మామా గట్టు మిందికి?"

"చీకటుండంగానే."

పిల్ల తల మీద చేయి పెట్టింది. పిల్ల నిద్రపోయింది, నోట్లో బొటనవేలు.

"నేను పొయ్యి ముట్టించినప్పుడు పొగ కనపడింటాది గదా నీకు?"

"కనపడింది."

"అప్పుడు నీళ్లు యాడికుండె?"

అబద్ధం చెప్పవచ్చు. ఆమెకు కొలత తెలియదు.

"నాలుగు వేళ్లు తక్కువ" అన్నాను.

"లేసినప్పుడు?"

"రెండు."

సువార్త కాసేపు నా చేతివేళ్లను చూసింది. తరువాత పిల్లను ఈ చంకలోంచి తీసి అవతలి చంకలోకి మార్చుకుంది, నాకు దూరంగా ఉన్న వైపుకు.